గెలిచే మనసు – రోజువారీ సేద్యం

మన మసీదు మైకులో రోజుకు ఐదుసార్లు అజాన్ వినిపిస్తుంది. ప్రతి అజాన్‌లోనూ నమాజుకు రమ్మనే పిలుపు రెండుసార్లు, ఆ వెంటనే ఫలాహ్ వైపు రమ్మనే పిలుపు రెండుసార్లు వస్తాయి. అంటే రోజుకు పదిసార్లు మనల్ని సాఫల్యం వైపు రమ్మని పిలుస్తున్నారు. పుట్టినప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి కాబోలు, ఆ రెండో పిలుపు దగ్గర మనం పెద్దగా ఆగం. మొదటిది వినగానే టోపీ వెతుక్కుంటాం, వుజూకు లేస్తాం. రెండోదాన్ని పూర్తిగా పరలోకానికి సంబంధించిన మాటగా అనుకొని ఊరుకుంటాం.

అరబీలో 'ఫలాహ్' అన్న మాట ఏ ధాతువు నుంచి వచ్చిందో 'ఫల్లాహ్' అన్న మాటా అక్కడి నుంచే వచ్చింది. ఫల్లాహ్ అంటే సేద్యగాడు. ఈజిప్టు పల్లెల్లో రైతులను ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. నేలను చీల్చడం, దున్నడం అనే అర్థాలు ఆ ధాతువులో ఉన్నాయి. మన తెలుగు 'ఫలం'తో దీనికి చుట్టరికం ఏమీ లేదు, అది సంస్కృతం నుంచి వచ్చిన మాట. చెవికి మాత్రం రెండూ అన్నదమ్ముల్లా వినిపిస్తాయి.

గెలుపు అనగానే ఇప్పుడు మన కళ్ల ముందు నిలిచేది పరుగు పందెం, చేతిలో కప్పు, పేపర్లో ర్యాంకుతో పాటు వేసిన ఫోటో. అక్కడ ఒకరు గెలవాలంటే మిగిలినవాళ్లు ఓడాలి. సేద్యగాడి గెలుపు అలాంటిది కాదు. పక్క చేను ఎండిపోయినంత మాత్రాన మన చేను పండదు. విత్తిన రోజే పంట కనిపించదు. వాన మన చేతిలో లేదు. కానీ అదును తప్పకుండా దున్నడం, పదును చూసి విత్తడం, కలుపు తీయడం, రోజూ గట్టు మీదికి వెళ్లి చేనును ఒకసారి చూసి రావడం మన చేతిలో ఉన్నాయి. వాన పడలేదని కూర్చుంటే, రేపు పడిన రోజున దున్నని నేల మీద నుంచి ఆ నీళ్లన్నీ జారిపోతాయి.

'గెలిచే మనస్తత్వం' గురించి ఈ సంచికలో రాయాలనుకున్నప్పుడు ఈ మాట దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. మన సంఘం గుమ్మం ఎక్కేవారు పందెంలో పరుగెత్తేవాళ్లు కారు. ఫీజు కట్టలేక వచ్చిన డిగ్రీ విద్యార్థి, కుట్టు మిషను కోసం దరఖాస్తు పెట్టుకున్న చెల్లెలు, తోపుడు బండి చక్రం విరిగి నాలుగు రోజులుగా వ్యాపారం లేని పండ్ల వ్యాపారి, ఆసుపత్రి బిల్లు చేతిలో పట్టుకొని నిలబడ్డ పెద్దాయన. వీళ్లను వేదిక ముందు కూర్చోబెట్టి, చప్పట్లు కొట్టించి, 'మీరు విజేతలు, గట్టిగా అనండి' అని మూడుసార్లు అనిపిస్తే ఒరిగేది ఏమీ లేదని మా అభిప్రాయం. హాలు దాటి రోడ్డు మీదికి వచ్చేసరికి ఆ ఊపు దిగిపోతుంది, గ్రూపు లోను వాయిదా మాత్రం సోమవారం పొద్దున్నే గుమ్మంలో ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి ముందుగా చెప్పుకోవాలి. పేదవాడికి పట్టుదల తక్కువ, ముందుచూపు తక్కువ, అందుకే పేదవాడుగా ఉండిపోయాడు అనే మాట మన బంధువుల ఇళ్లలోనూ వినిపిస్తుంది. చందా ఇచ్చేవారిలో కొందరు కూడా, మర్యాదగానే, ఇదే అంటారు. దీని మీద మన పక్క రాష్ట్రం తమిళనాడులో జరిగిన ఒక పరిశోధన ఉంది. చెరకు రైతుకు డబ్బు ఏడాదికి ఒకసారే, కోత తరువాత చేతికి వస్తుంది. కోతకు ముందు నెలల్లో అప్పులు, తాకట్లు, ఇంట్లో సర్దుబాట్లు. సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, వారి సహచరులు 54 ఊళ్లలో 464 మంది చెరకు రైతులకు ఆలోచనా శక్తిని, నిగ్రహాన్ని కొలిచే పరీక్షలు పెట్టారు. కోతకు ముందు ఒకసారి, కోత తరువాత ఒకసారి, అదే మనిషికి. ఫలితాలు 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. చేతిలో డబ్బు లేనప్పుడు చేసినదానికన్నా, కోత అయ్యాక అదే రైతు బాగా చేశాడు. మనిషి మారలేదు, తెలివీ మారలేదు. డబ్బు బెంగ మెదడులో సగం చోటు ఆక్రమించుకున్నప్పుడు మిగతా పనులకు ఆ చోటు మిగలలేదు, అంతే.

కాబట్టి ఆకలితో ఉన్నవాడికి మనస్తత్వం గురించి పాఠం చెప్పడం విత్తనాలు లేని రైతుకు విత్తే విధానం మీద ఉపన్యాసం ఇవ్వడం లాంటిది. బియ్యం బస్తా ముందు, మాట తరువాత. ఈ వరుసను మనకు నేర్పింది ఆధునిక పరిశోధకులు కూడా కాదు. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఒక సంఘటన ఉంది. మదీనాలో అన్సారులకు చెందిన ఒక వ్యక్తి దైవప్రవక్త ముహమ్మద్ (స) వద్దకు సహాయం అడగడానికి వచ్చాడు. ఇంట్లో ఏమైనా ఉందా అని ప్రవక్త (స) ఆరా తీశారు. ఒక ముతక దుప్పటి ఉంది, సగం పరుచుకొని సగం కప్పుకుంటారు. నీళ్లు తాగే గిన్నె ఒకటి ఉంది. ఆ రెండూ తెప్పించి, చేతిలో పట్టుకొని, అక్కడున్నవారి మధ్య వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ అన్నారు. అంతకన్నా ఎక్కువ ఎవరిస్తారని మళ్లీ మళ్లీ అడిగితే, ఇంకొకరు రెండు దిర్హములకు తీసుకున్నారు. ఒక దిర్హముతో ఇంటివారికి ఆహారం కొనమన్నారు, రెండోదానితో గొడ్డలి కొని తెమ్మన్నారు. దానికి పిడిని స్వయంగా తన చేతులతో బిగించి ఇచ్చి, వెళ్లి కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజుల దాకా తనకు కనబడవద్దని చెప్పి పంపారు. అతను తిరిగి వచ్చేసరికి పది దిర్హములు సంపాదించి ఉన్నాడు. కొంత గుడ్డకు, కొంత తిండికి వాడుకున్నాడు.

ఈ సంఘటనను దానం గురించిన ప్రసంగాల్లో తరచుగా వింటాం, 'అడుక్కోవద్దు' అన్న పాఠం చెప్పి ముగిస్తారు. మాకు మాత్రం ఇందులో చిన్న చిన్న వివరాలే ముఖ్యంగా కనిపిస్తాయి. మొదటి ప్రశ్న 'నీకేం లేదు' అన్నది కాదు, 'ఏముంది' అన్నది. ఇల్లు వెతికితే దొరికింది పాత దుప్పటి, గిన్నె. వాటినే పెట్టుబడిగా చూడగలిగారు. మొదటి దిర్హమ్ గొడ్డలికి కాకుండా తిండికి వెళ్లింది, ఎందుకంటే పిల్లలు పస్తుంటే తండ్రి చేతిలో గొడ్డలి నిలవదు. పిడి బిగించి ఇచ్చారు, అంటే సలహా ఇచ్చి వదిలేయలేదు, పనిముట్టు వాడడానికి సిద్ధంగా ఇచ్చారు. ఆ పైన గడువు పెట్టారు. జీవితాంతం మారిపొమ్మనలేదు, పదిహేను రోజులు అన్నారు. పదిహేను రోజులు ఎవరైనా ప్రయత్నించగలరు.

కుట్టు మిషను ఇచ్చి ఫోటో దిగడంతో పని అయిపోదు అని మన కార్యవర్గ సమావేశాల్లో చెప్పుకునేది ఇందుకే. మిషను ఇంటికి చేరాక మొదటి పదిహేను రోజులకు పని కూడా చూపించాలి. పక్క వీధిలో చీరలకు ఫాల్ కుట్టించుకునే నాలుగు ఇళ్లు చూపిస్తే చాలు, ఐదో ఇల్లు ఆమే వెతుక్కుంటుంది.

ఇక మనసు సంగతికి వద్దాం. మన ఇళ్లలో గెలుపుకు అడ్డుపడే మాటలు రెండున్నాయి. రెండూ చూడడానికి ధార్మికంగానే ఉంటాయి. మొదటిది 'నసీబ్‌లో లేదు'. రెండోది, చేయాలని లేని పనికి చెప్పే 'ఇన్షా అల్లాహ్'. ఈ రెండో మాట అల్లాహ్ తలిస్తే తప్పక చేస్తాననే దృఢ సంకల్పానికి ముద్ర. దాన్ని మనం 'చూద్దాంలే' అనడానికి మర్యాదైన మారుమాటగా వాడుతున్నాం. టైలరు దగ్గర పండుగ బట్టలు వేసినవారికి ఇది బాగా తెలుసు.

తఖ్దీర్ మీద విశ్వాసం ముస్లిముకు తప్పనిసరి. అయితే తఖ్దీర్ అనేది జరిగిపోయినదాని మీద మనసుకు నెమ్మది కలిగించేది, జరగబోయేదాని మీద చేతులు కట్టేసేది కాదు. ఒంటెను కట్టి అల్లాహ్ మీద భారం వేయాలా, వదిలేసి వేయాలా అని అడిగినవాడికి ముందు కట్టమని ప్రవక్త (స) చెప్పిన సంగతి పిల్లలకు కూడా తెలుసు. అంతగా ప్రచారంలో లేని మరో హదీసు 'సహీహ్ ముస్లిం'లో ఉంది. దాని సారాంశం ఇది: నీకు మేలు చేసేదాని కోసం ఆరాటపడు, అల్లాహ్ సహాయం కోరు, చేతగానివాడిలా కూలబడకు, ఆ తరువాత ఏదైనా దెబ్బ తగిలితే, అలా చేసి ఉంటే ఇలా జరిగేది కదా అని తవ్వుకోకు, అది షైతానుకు తలుపు తీస్తుంది. మనస్తత్వ నిపుణులు పుస్తకాలకు పుస్తకాలు రాసిన సంగతి ఈ నాలుగు ముక్కల్లో ఉంది. పనికి ముందు ఆరాటం, పనిలో వేడుకోలు, పని తరువాత నెమ్మది. మనం చేసేది సాధారణంగా దీనికి తలకిందులు. ముందు నెమ్మదిగా ఉంటాం, తరువాత ఆరాటపడతాం.

ఓడిన రోజున ఏం చేయాలి అన్నదే ఈ విషయంలో అసలు ప్రశ్న. గెలిచిన రోజున మనస్తత్వం ఎవరికైనా బాగానే ఉంటుంది. అందుకు మన చరిత్రలో హుదైబియాను మించిన పాఠం మరొకటి కనిపించదు.

హిజ్రీ 6వ సంవత్సరం, క్రీస్తుశకం 628. దైవప్రవక్త (స) సుమారు 1400 మంది సహచరులతో ఉమ్రా కోసం మదీనా నుంచి బయలుదేరారు. ఒంటి మీద ఇహ్రామ్ దుస్తులు, వెంట ఖుర్బానీ జంతువులు. ఆరేళ్లుగా కాబాను చూడని ముహాజిర్లు, సొంత ఊరిని మళ్లీ చూస్తామన్న ఆశతో ఉన్నారు. మక్కాకు దగ్గర్లో హుదైబియా వద్ద ఖురైషులు అడ్డుకున్నారు. చర్చలు జరిగాయి, ఒప్పందం కుదిరింది. ఈ ఏడాది వెనక్కి వెళ్లిపోవాలి, వచ్చే ఏడాది వచ్చి మూడు రోజులే ఉండాలి, పదేళ్లు యుద్ధం లేదు. మక్కా నుంచి పెద్దల అనుమతి లేకుండా వచ్చి చేరినవారిని ముస్లిములు తిప్పి పంపాలి, అటు వెళ్లినవారిని మాత్రం ఖురైషులు పంపనక్కర్లేదు. ఒప్పంద పత్రంలో 'అల్లాహ్ ప్రవక్త' అన్న మాటకు కూడా ఖురైషుల ప్రతినిధి సుహైల్ బిన్ అమ్ర్ ఒప్పుకోలేదు. ఆ మాట తీయించి తండ్రి పేరుతో రాయించారు. సంతకాల దశలోనే సుహైల్ సొంత కొడుకు అబూ జందల్ (రజి) సంకెళ్లు ఈడ్చుకుంటూ ముస్లిముల దగ్గరికి వచ్చిపడ్డాడు. షరతు ప్రకారం అతన్ని కూడా తిరిగి అప్పగించాల్సి వచ్చింది.

అక్కడున్నవారి స్థితి ఊహించండి. హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారు తట్టుకోలేక ప్రశ్నలు అడిగారు. ఖుర్బానీ చేసి, తల గొరిగించుకొని ఇహ్రామ్ విడవమని ప్రవక్త (స) చెప్పారు. ఎవరూ కదల్లేదు. మూడుసార్లు చెప్పినా లేవలేదు. అది అవిధేయత కాదు, గుండె చెరువైపోయిన జనం నిస్సత్తువ. బద్ర్‌లో తమకు మూడింతల సైన్యం ముందు నిలబడ్డవారు ఇక్కడ కూర్చున్న చోటు నుంచి లేవలేకపోయారు.

ప్రవక్త (స) తన గుడారంలోకి వెళ్లి, భార్య ఉమ్మె సలమా (రజి)తో ఈ సంగతి చెప్పారు. ఆమె ఇచ్చిన సలహా చాలా చిన్నది. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా బయటికి వెళ్లి, మీ జంతువును మీరు ఖుర్బానీ చేయండి, క్షురకుణ్ణి పిలిచి మీ తల గొరిగించుకోండి. ఆయన అలాగే చేశారు. చూసినవారు ఒక్కొక్కరే లేచారు, ఒకరి తల ఒకరు గొరగడం మొదలుపెట్టారు.

ఆ సమయంలో ఆమె భవిష్యత్తు గురించి వాదించలేదు, జనాన్ని నిందించలేదు, గొప్ప ప్రసంగం చేయమనలేదు. తరువాత చేయాల్సిన పని ఏదుందో, చేతికి అందేంత దగ్గరలో ఉన్నది ఏదో, దాన్ని చేయమన్నారు. నిరాశ మనిషిని కుదేలు చేసినప్పుడు వాదన అతన్ని లేపదు, కళ్ల ముందు జరిగే పని లేపుతుంది. ఇంట్లో పిల్లవాడు ఫెయిలైన రోజున, దుకాణం మూతపడిన రోజున, తల్లులూ తండ్రులూ ఈ గుడారంలోని మాటలను ఒకసారి గుర్తు చేసుకుంటే బాగుంటుంది. ఇంతకూ సలహా ఇచ్చింది ఒక స్త్రీ, విని ఆచరించింది దైవప్రవక్త (స). 'ఆడవాళ్లకేం తెలుసు' అనే పెద్దమనుషులు ఈ భాగాన్ని రెండుసార్లు చదవవచ్చు.

తిరుగు ప్రయాణంలో అవతరించిన సూరా పేరు 'అల్ ఫత్‌హ్', అంటే విజయం. వెనక్కి వస్తున్న దారిలో విజయమనే పేరు. ఆ రోజు అది ఎలా విజయమో కంటికి కనిపించలేదు, కానీ తరువాత కనిపించింది. యుద్ధం ఆగడంతో రాకపోకలు పెరిగాయి, జనం ఒకరినొకరు వినడం మొదలుపెట్టారు. ఖాలిద్ బిన్ వలీద్, అమ్ర్ బిన్ ఆస్ వంటివారు ఆ కాలంలోనే ఇస్లాం స్వీకరించారు. హుదైబియాకు 1400 మందితో వెళ్లినవారు, క్రీ.శ. 630లో మక్కాలో ప్రవేశించినప్పుడు పదివేల మంది ఉన్నారు.

ఇప్పుడు మన కాలానికి, మన సముద్ర తీరానికి వద్దాం. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు లేచింది. 317 సెకన్ల తరువాత బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టు డైరెక్టరు ఏ.పీ.జే. అబ్దుల్ కలాం. విలేకరుల ముందుకు ఇస్రో అధిపతి సతీశ్ ధావన్ స్వయంగా వెళ్లి వైఫల్యపు బాధ్యత తన భుజాన వేసుకున్నారు. మరుసటి ఏడాది జూలై 18న అదే రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మాట్లాడడానికి కలాంను ముందుకు పంపారు. నాయకత్వ పాఠంగా దీన్ని అందరూ చెబుతారు. మేము ఇంకొకటి చూడమంటాం. రాకెట్టు పడిపోయాక వాళ్లు అడిగిన ప్రశ్న 'మనకు చేతవుతుందా' అన్నది కాదు, 'ఏది చెడింది' అన్నది. వెతికితే లోపం ఒక వాల్వు దగ్గర తేలింది. వేల భాగాలున్న రాకెట్టులో ఒక వాల్వు. దాన్ని సరిచేసుకున్నారు, పదకొండు నెలల్లో మళ్లీ ఎగరేశారు.

ఓటమి తరువాత మనసు వేసుకునే ప్రశ్నలోనే తేడా అంతా ఉంది. 'నేను పనికిరాను' అన్నది జవాబు లేని మాట, దాంతో ఏమీ చేయలేం. 'ఏ వాల్వు' అన్నదానికి జవాబు ఉంటుంది. ఇంటర్‌లో ఫెయిలైన పిల్లవాడి మార్కుల మెమో తీసి చూస్తే చాలాసార్లు ఒక్క సబ్జెక్టే ఉంటుంది. ఆ సబ్జెక్టులోనూ నిజంగా అర్థం కానివి నాలుగైదు పాఠాలు ఉంటాయి. పాస్ మార్కులు నూటికి 35. ఫలితాలు వచ్చిన కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి, ఏడాది పోదు. కానీ ఫీజు గడువు తక్కువ రోజులే ఉంటుంది. ఇంట్లో అరుపులు, ఏడుపులు, అలకలు తీరేలోగా ఆ గడువు దాటిపోయిన పిల్లలు మన దగ్గరికి వస్తూ ఉంటారు. ఫలితాల రోజున చేయాల్సిన మొదటి పని సప్లిమెంటరీ ఫీజు తేదీ కాగితం మీద రాసి గోడకు అంటించడం.

దానికన్నా ముందు ఇంకొకటి. ఆ రోజు పిల్లలను ఒంటరిగా వదలకండి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఫలితాల తరువాతి వార్తలు ఎలా ఉంటాయో తెలియనిది కాదు. పక్కింటి పిల్లల మార్కుల ప్రస్తావన ఆ వారం ఇంట్లో రాకూడదు. పిల్లవాడు భోజనానికి లేవకపోయినా, గదిలోంచి రాకపోయినా, 'నేను లేకపోతే మీకు నిశ్చింత' లాంటి మాట నోట వచ్చినా తేలికగా తీసుకోవద్దు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మనసు బాగాలేదని చెప్పి సహాయం అడగడం ఈమాను తక్కువవడం కాదు, జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్లడం లాంటిదే.

ఆడపిల్లల తల్లిదండ్రులకు నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ గురించి వేరే చెప్పనక్కర్లేదు. 2011లో జూనియర్ స్థాయిలో ప్రపంచ విజేత అయింది. 2017లో భుజం గాయంతో ఆటకు చాలా కాలం దూరమైంది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం రాకుండానే ఓడిపోయింది. ఈ వరుసలో గెలుపూ ఓటమీ పక్కపక్కనే ఉన్నాయి. గాయానికీ 2022కూ మధ్య ఐదేళ్లున్నాయి. ఫోటోలో ఆ ఐదేళ్లు కనిపించవు.

ఆ ఐదేళ్లలో రోజూ ఏం చేస్తారు అన్నదే ఇక మిగిలిన సంగతి. అల్లాహ్‌కు అన్నిటికన్నా ప్రియమైన పని కొంచెమైనా సరే నిలకడగా చేసేది అని హదీసు సారం. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం ఒక పరిశీలన చేసింది. 96 మంది తమకు నచ్చిన చిన్న అలవాటు ఒకటి ఎంచుకొని రోజూ చేస్తూ వచ్చారు. అది అప్రయత్నంగా జరిగిపోయే స్థితికి చేరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, ఇంకొకరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. ఇరవై ఒక్క రోజుల్లో జీవితం మారిపోతుందని చెప్పే ప్రకటనలు చూసి, ఇరవై రెండో రోజున తమను తాము తిట్టుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన కట్టిందంతా కూలిపోదని కూడా అందులోనే తేలింది. మనకు రమజాన్ నెల ఉంది కాబట్టి నెల రోజుల నియమం ఎంత తేలికో తెలుసు, ఈద్ తరువాత దాన్ని నిలుపుకోవడం ఎంత కష్టమో కూడా తెలుసు. షవ్వాల్ మొదటి వారంలో ఫజర్ వరుసలు చూస్తే లెక్క అర్థమవుతుంది.

ఈ విషయంలో మనకు ఒక సౌకర్యం ఉంది, దాన్ని పూర్తిగా వాడుకోవడం లేదని మా ఫిర్యాదు. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ చూపించిన సంగతి ఇది: 'రోజూ చదువుతాను' అనుకున్నవారికన్నా 'ఫలానా పని అవగానే, ఫలానా చోట కూర్చొని చదువుతాను' అనుకున్నవారు ఎక్కువగా చేసి చూపిస్తారు. సంకల్పానికి ఒక మేకు కావాలి. మనకు రోజులో ఐదు మేకులు ముందే కొట్టి ఉన్నాయి. ఫజర్ తరువాత ఇంట్లో అందరూ లేచేలోగా నలభై నిమిషాలు లెక్కలు. జుహర్ తరువాత రెండు జాకెట్లు. అస్ర్ తరువాత దుకాణం చిట్టా, అప్పు ఎవరెవరు ఇవ్వాలో ఒకసారి చూసుకోవడం. ఇషా తరువాత ఆ రోజు వచ్చిన డబ్బులో ఇరవయ్యో యాభయ్యో డబ్బాలో వేయడం. గడియారం చూడనక్కర్లేదు, అజాన్ వినబడుతుంది. మెకానిక్ షెడ్డులో పనిచేసే తమ్ముడికీ, హాస్టల్లో చదివే చెల్లెలికీ ఇది ఒకేలా పనిచేస్తుంది. నలభై నిమిషాలు ఎక్కువైతే పది నిమిషాలతో మొదలుపెట్టండి. ప్రళయం వచ్చే ఘడియలో కూడా చేతిలో మొక్క ఉంటే నాటేయమన్న బోధ మనది. పది నిమిషాలు తక్కువని వదిలేయడం దానికి సరిపడదు.

ఈ ఏడాది నుంచి విద్యార్థి వేతనాలకు, స్వయం ఉపాధి సహాయానికి మనం ఇచ్చే దరఖాస్తు ఫారం వెనుక వైపు మూడు ఖాళీ గీతలు అచ్చు వేయిస్తున్నాం. మొదటి గీతలో మీ దగ్గర ఇప్పటికే ఏముందో రాయాలి. పాత మిషనైనా, సగం నేర్చిన పనైనా, పక్కింటివారితో మంచి పరిచయమైనా సరే. రెండో గీతలో ఇంతకు ముందు ప్రయత్నం ఆగిపోయి ఉంటే ఎక్కడ ఆగిందో ఒక్క ముక్కలో రాయాలి. మూడో గీతలో ఏ నమాజు తరువాత ఏ పని చేస్తారో రాయాలి. ఇంట్లో బియ్యం లేనివారు ఇవేవీ నింపనక్కర్లేదు, పేరు, చిరునామా చాలు. సరుకుల సంచీ ముందు ఇంటికి చేరుతుంది, ఫారం సంగతి ఆ తరువాత చూద్దాం.

రాయడం రానివారికి శుక్రవారం జుమా తరువాత మసీదు వరండాలో మన యువకులు కూర్చొని రాసిపెడతారు. ఆడవారి కోసం అదే రోజు అస్ర్ తరువాత సంఘం కార్యాలయంలో అక్కచెల్లెళ్లు ఉంటారు. సహాయం అందిన పదిహేనో రోజున మా తరఫున ఎవరో ఒకరు మీ ఇంటికి వస్తారు. లెక్క అడగడానికి కాదు, పిడి వదులైతే బిగించడానికి.